సూదుల బొమ్మ

నా చిన్నప్పుడు టాటానగర్ సిద్ధగోరాలోని మా వరసిళ్ళలో కుళాయి నీళ్ళకి కరువుండేది గానీ దయ్యాలకి ఏనాడూ కరువు లేదు. మా నాన్న పనిచేసే రైల్వేలోకి పనికొచ్చిన మావాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ట్రంకుపెట్టెలతో పాటు కొరివిదయ్యాలనీ, చిల్లంగి పెట్టే ఆడవాళ్ళనీ కూడా టాటానగర్ స్టేషన్లో దింపుకున్నారు. ఇక్కడికి వచ్చాక వీధిలోని హిందీవాళ్ళ డాయన్ వాటికి తోడైంది. మా ఊరి చిల్లంగిదైనా, ఇక్కడి డాయన్ అయినా చేసే పని ఒకటే. మంత్రం వేసి పసిపిల్లల్ని పట్టుకుపోవడం. పిల్లలం మేము హిందీలో దెబ్బలాడుకునేవాళ్ళం, తెలుగులో భయపడేవాళ్ళం.

ఆ దయ్యాలన్నిటి మీదా పెత్తనం మా నాయనమ్మది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో గోనెపట్టా పరుచుకుని అడ్డచుట్ట వెలిగించేది. అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. మా వైపు ముసలమ్మలకి అదొక అలవాటు. చుట్ట వెలగగానే వరసలో పిల్లలందరం చేరిపోయేవాళ్ళం, పనులు తెమిలిన ఆడవాళ్ళు కూడా చాటలో బియ్యం పోసుకుని ఏరుకుంటూ చెవి ఇటు పడేసేవారు. పగలు కథలు చెప్తే దారినపోయేవాళ్ళు దారి తప్పుతారంటారు కదా మామ్మా అని మా పక్కింటి పెద్దమ్మ అడ్డుపడితే, "తప్పితే తప్పనీ. మనమేటి తిన్నగా వచ్చినోలమా?" అని కొట్టిపారేసేది. సాయంత్రం కార్ఖానా భోంపు కూయగానే దయ్యాన్ని ఎక్కడున్నదాన్ని అక్కడే వదిలేసి లేచిపోయేది. దీపాలు పెట్టాక ఎంత బతిమాలినా దయ్యం మాట ఎత్తేది కాదు.

నాకు ఆ కథలంటే ప్రాణం. భయపడటంలో ఉన్న రుచి నాకు ఆ వరండాలోనే పట్టింది, ఇప్పటికీ వదల్లేదు. మిగతా పిల్లలు చెవులు మూసుకునే చోట నేను ఇంకాస్త ముందుకి జరిగేదాన్ని. ఆవిడ కథల్లో చెడ్డది ఎవరో మొదట్లోనే తెలిసిపోయేది. మొగుడుండడు, మొహాన బొట్టుండదు, ఊరి చివర ఇల్లు, ఎవరితోనూ కలవదు, తనలో తను గొణుక్కుంటుంది. అవి వినగానే మేము ఒకరి చేతులు ఒకరం పట్టుకునేవాళ్ళం. ఎవర్ని చూసి భయపడాలో ముందే తెలిస్తే భయం కూడా ఎంత హాయిగా ఉంటుందో! చివరికి ఊరి జనం ఆ చిల్లంగిదాన్ని పట్టుకునేవారు, పిల్లలు బతికేవారు, భోంపు కూసేది, మేము ఇళ్ళకి పోయి అన్నం తినేవాళ్ళం.

మా వరసలో చివరింటికి ఆ మధ్యే ఒకావిడ అద్దెకి దిగింది. గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవురాలు, భర్త పోయాడు, కుట్టుమిషను ఒక్కటే ఆస్తి. మేమంతా టైలరమ్మ అనేవాళ్ళం. వాళ్ళ మతంలో బొట్టు పెట్టుకోరు కాబట్టి పెట్టుకునేది కాదు. నల్లా దగ్గర కబుర్లకి నిలబడేది కాదు, బిందె నిండగానే వెళ్ళిపోయేది. మిషను తొక్కుతూ చిన్న గొంతుతో ప్రార్థన పాటలు పాడుకునేది. మా అమ్మ ఆవిడ చేత తమ్ముడికి ఆకుపచ్చ గళ్ళ చొక్కా ఒకటి కుట్టించింది. వాడికి ఆ చొక్కా ఎంత నచ్చిందంటే ఉతకడానికి విప్పమన్నా ఏడ్చేవాడు.

ఆ వానాకాలం తమ్ముడు మంచం పట్టాడు. మొదట జ్వరం అన్నారు, తర్వాత కడుపులో ఏదీ నిలవడం మానేసింది. దగ్గర్లోని డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగినవి మింగినట్టే బయటికొచ్చేవి. మా అమ్మ వాడి పక్కనుంచి లేచేది కాదు. సాయంత్రాలు కార్ఖానావాళ్ళు నిప్పులా కాగే కొలిమి మడ్డి పారబోసినప్పుడు ఆకాశం ఎర్రబడి ఆ వెలుగు మా కిటికీలోంచి వాడి మొహం మీద పడేది. అప్పుడు వాడు మా తమ్ముడిలా ఉండేవాడు కాదు. నేను ఆ గదిలోకి వెళ్ళడానికే జంకేదాన్ని, వాడు బతకడేమోనని నాకు చాలా భయంగా ఉండేది.

ఒక రోజు మధ్యాహ్నం పక్కింటి పెద్దమ్మ జాకెట్టు తెచ్చుకోవడానికి టైలరమ్మ ఇంటికి వెళ్ళి, కేకలు పెడుతూ వీధిలోకి వచ్చింది. చేతిలో జానెడు గుడ్డబొమ్మ. కడుపు నిండా సూదులు గుచ్చి ఉన్నాయి. ఆ బొమ్మ ఒంటి మీది బట్ట మా తమ్ముడి ఆకుపచ్చ గళ్ళ చొక్కా బట్ట. "ఓలమ్మో, సూడండి! గుంటడి సొక్కా ముక్కే! కడుపులోనే గుచ్చీసింది సూడండి!" అని ఆవిడ గుండెలు బాదుకుంటుంటే జనం మూగారు. ఈనాడు తలుచుకుంటే అది ఏమిటో పసిపిల్లలకి కూడా తెలుస్తుంది. కుట్టుపని చేసేవాళ్ళు సూదులు పారేసుకోకుండా మిగిలిన ముక్కల్లో దూది కుక్కి పెట్టుకునే దిండు అది. పాపం, ఒంటరి మనిషి, ముద్దుగా ఉంటుందని దానికి కాళ్ళూ చేతులూ కూడా కుట్టింది. కానీ ఆ మధ్యాహ్నం అక్కడ నిలబడ్డ ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. మేమందరం విన్న కథల్లో సూదులు గుచ్చిన బొమ్మకి ఒక్కటే అర్థం.

అంతా చిటికెలో జరిగిపోయింది. ఎవరో పరుగెత్తి టైలరమ్మ తలుపుకి బయట గొళ్ళెం పెట్టారు. అప్పటిదాకా వినిపిస్తున్న మిషను చప్పుడు ఆగిపోయింది. ఇంకెవరో సైకిలు వేసుకుని సువర్ణరేఖ అవతల బస్తీలో ఉన్న ఓఝాని, అంటే భూతవైద్యుణ్ణి, తీసుకురావడానికి పోయారు. ఓఝా వచ్చి ఒక మనిషిని చూపించి డాయన్ అన్నాక ఆ మనిషికి ఏమవుతుందో ఈ ప్రాంతంలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. జుట్టు కత్తిరించి వీధుల్లో తిప్పడం చాలా తక్కువ శిక్ష కింద లెక్క. ఆవిడ లోపల ఉందని, ఇవన్నీ వింటోందని నాకు తెలుసు. లోపల్నుంచి ఏడుపు గానీ, తలుపు బాదిన చప్పుడు గానీ రాలేదు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

మా అమ్మ జుట్టు ముడి ఊడిపోయి గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ చెడ్డ మనిషి కాదు, ఎవరి జోలికీ పోయేది కాదు. "నాకు నా బిడ్డ బతికితే సాలు. ఏటి సేత్తారో సేసుకోండి" అంది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మా నాన్న సైకిలు పట్టుకుని మంచాన ఉన్న కొడుకు వైపూ, ఆ బొమ్మ వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు.

అప్పుడు నాయనమ్మ గోనెపట్టా తెచ్చి వరండాలో పరిచింది. చుట్ట వెలిగించి నోట్లో పెట్టుకుని, "ఓఝా ఏరు దాటి రావాల గదా. అందాక ఒక కత సెప్తాను, కూకోండి" అంది. ఇదేం పిచ్చి, ఇప్పుడా కథ అని మా అమ్మ విసుక్కుంది. కానీ నాయనమ్మ మొదలుపెట్టాక వినకుండా ఉండటం మా వరసలో ఎవరికీ చేతకాని పని. ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. పెద్దమ్మ ఆ బొమ్మని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

నాగావళి ఒడ్డున ఒక ఊరు అంది నాయనమ్మ. ఆ ఊరి చివర ఒక మనిషి. మొగుడు పోయాడు, బొట్టు చెరిపేశారు. తెల్లారకుండానే లేచి గట్ల వెంట తిరిగి ఆకులు కోసుకొచ్చేది. కోసేటప్పుడు ఏదో గొణుక్కునేది. తలంటుకున్న రోజు జుట్టు విరబోసుకుని వీధిలోకి వచ్చేది. ఊరి పిల్లలు ఎందుకో ఆవిడ వెనకే పడేవారు. ఇక్కడిదాకా వచ్చేసరికే నా పక్కనున్న పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకూ ఆ చెడ్డది ఎవరో తెలిసిపోయింది, ఆ పాత హాయి మొదలైంది. చివరింటి తలుపుకి గొళ్ళెం పెట్టి ఉందన్న సంగతి కాసేపు మరిచిపోయానంటే ఆ కథ పట్టు ఎలాంటిదో చూడండి.

ఆ ఊళ్ళో పెద్దరైతు కొడుక్కి జ్వరం వచ్చిందట. ఆవిడ ఆకుపసరు పోసింది. మర్నాడు పిల్లాడు పోయాడు. జనం ఆవిడ ఇంట్లో దూరి వెతికితే చాట కింద ఆ పిల్లాడి మొలతాడు దొరికింది. "అద్గదీ!" అంది పెద్దమ్మ, ఒళ్ళోని బొమ్మని ఎత్తి అందరికీ మళ్ళీ చూపిస్తూ. నాయనమ్మ తలూపింది. అవును, దొరికింది, అందరూ చూశారు అంది. చుట్ట ఒక దమ్ము లాగి, జనం వైపు నెమ్మదిగా చూసింది. "మరి ఆ మనిసిని ఏటి సెయ్యాల?" అని అడిగింది.

ఊర్నుంచి తోలేయాలని ఒకరన్నారు. తోలినా మంత్రం దాని నోట్లోనే ఉంటుంది కదా, ఇంకో ఊళ్ళో ఇంకో పిల్లాణ్ణి తింటుంది కదా అంది నాయనమ్మ. అప్పుడు మా నాన్న, సైకిలు మీద చెయ్యి వేసుకుని కథలో మునిగిపోయి ఉన్న మా నాన్న, చీమకి కూడా అపకారం చేయని మనిషి, జవాబు చెప్పాడు. చిన్నప్పటి నుంచీ తల్లి దగ్గర విన్న కథల్లో ఉన్న జవాబే అది. "ముందు పళ్ళు రాలగొట్టాల. పళ్ళు లేకపోతే మంత్రం పలకదు."

"అదే సేసారు, బాబూ" అంది నాయనమ్మ.

చుట్ట తీసి నేలకి రాసి ఆర్పింది. రెండు వేళ్ళతో పైపెదవి ఎత్తి, తల ఒక్కొక్కరి వైపూ తిప్పింది. ఆవిడకి ముందుపళ్ళు లేవని మాకు కొత్తగా తెలిసిందేమీ కాదు. ముసలివాళ్ళకి ఉండవనీ, ఉన్నవాటిని చుట్ట తినేసిందనీ అనుకునేవాళ్ళం. ఎత్తిపట్టుకున్న పెదవి కింద చిగురు మీద పాత గాటు ఉంది, దాని పక్కన విరిగిన పంటిమొక్క ఒకటి ఉంది. వాటిని నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. రాయి పెట్టి కొట్టారంది. తనని కదలకుండా పట్టుకున్నది సొంత మరిదేనంది. ఆ మొలతాడు పిల్లాడి తల్లే తెచ్చి ఇచ్చిందట, తెగిపోయింది ముడి వేసి పెట్టవే అని. ఆ తల్లి ఆ రోజు జనంలోనే ఉంది గానీ నోరు విప్పలేదట.

"నువ్వు అప్పటికి నా సంకలో ఉన్నావు, బాబూ. నిన్ను ఎవులో లాగీసుకున్నారు. నీ ఏడుపు ఇనిపిత్తంది గానీ నాకు కళ్ళు కనిపించలేదు. మనం ఈ ఊరు పనికోసం రాలేదు" అంది.

రైల్వే లోకోషెడ్‌లో కలాసీగా ఉన్న తన తమ్ముడి దగ్గరికి ఆవిడ పసిబిడ్డతో రైలెక్కి వచ్చిందని మాకు తెలుసు. తమ్ముడు పిలిస్తే వచ్చిందనే చెప్పుకునేవాళ్ళం. మా నాన్న చేతిలోని సైకిలు కింద పడింది. ఆయన దాన్ని ఎత్తలేదు. ఎవరో, అసలు ఆ పిల్లాడు ఎందుకు పోయాడు మామ్మా అని చిన్నగా అడిగారు. "నాకేటి తెలుసు? జొరం. నా మందుతో పోయాడో, నా మందు సాలక పోయాడో ఇప్పటికీ తెలీదు" అంది ఆవిడ.

తర్వాత కొంగు దులుపుకుని లేచి, చివరింటి దాకా నడిచి వెళ్ళి, గొళ్ళెం పెట్టిన ఆ తలుపుకి వీపు ఆనించి మెట్టు మీద కూర్చుంది. "ఓఝాని రానీండి. నా దగ్గర్నుంచి మొదలెట్టమనండి. నాకు అలవాటే" అంది.

జనం ఎప్పుడు చెదిరిపోయారో నేను చూడలేదు. నేను మా నాన్ననే చూస్తున్నాను. ఆయన వెళ్ళి తల్లి పక్కనుంచి చెయ్యి పోనిచ్చి గొళ్ళెం తీశాడు గానీ తలుపు తోయలేదు, లోపలికి చూడలేదు. వీధి మొదట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. భోంపు కూసే వేళకి ఓఝా సైకిలు వెనక కూర్చుని వచ్చాడు. ఎక్కడుంది డాయన్ అని అడిగాడు. "యహాఁ డాయన్ నహీఁ, మేరీ మాఁ రహతీ హై" అన్నాడు నాన్న. ఇక్కడ డాయన్ ఎవరూ లేరు, మా అమ్మ ఉంటుంది. ఆ మాట చెబుతూ మా నాన్న ఏడ్చాడు. ఓఝా ఇంకేదో అనబోయి, ఆ మొహం చూసి సైకిలు తిప్పించేశాడు.

మా తమ్ముణ్ణి ఆ సాయంత్రమే రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కామెర్లు, లివరుకి పట్టాయన్నారు. అమ్మ అక్కడే నేల మీద పడుకుని వాడిని చూసుకుంది. చలికాలం వచ్చేసరికి వాడు మళ్ళీ గోళీలాడుతున్నాడు. చివరిదాకా పెద్దమ్మ మాత్రం, మామ్మ కథ చెప్పింది కాబట్టి డాయన్ భయపడి వాణ్ణి వదిలేసిందని నమ్మింది. ఏం చేస్తాం, కొందరి బుర్రలు అంతే.

టైలరమ్మ ఆ ఇల్లు వదిలి వెళ్ళలేదు. మా అమ్మ ఆసుపత్రి నుంచి రాగానే పెద్దమ్మ దగ్గరున్న ఆ బొమ్మ తీసుకెళ్ళి ఆవిడ గుమ్మం ముందు నిలబడి, తల ఎత్తకుండా "తప్పయిపోనాది, అప్పా" అంది. ఆవిడ బొమ్మ తీసుకుంది, సూదులు ఒక్కొక్కటే లాగి డబ్బాలో వేసుకుంది, బొమ్మని పొయ్యిలో పెట్టింది. మాతో చెడ్డగా ఎప్పుడూ మాట్లాడలేదు. అడిగినవాళ్ళందరికీ కుట్టి పెట్టింది. కాకపోతే ఆ రోజు నుంచి జాకెట్టు తిరిగి ఇచ్చేటప్పుడు మిగిలిన ముక్కలన్నీ మూటకట్టి ఇచ్చేది. గోరంత ముక్కలు కూడా, నేల మీంచి ఊడ్చిన దారపు పోగులు కూడా. ఎవరి బట్టా తన ఇంట్లో ఒక్క పోగు మిగలకూడదు. మా అమ్మ ఆ మూటలు ఇంటికి తెచ్చుకుని విప్పకుండా చేతిలో పట్టుకుని కూర్చునేది. తప్పయిపోయిందంటే తీరిపోయే తప్పు కాదని ఆ మూటలు చూస్తే నాకు తెలిసింది.

నాయనమ్మ మళ్ళీ కథలు మొదలుపెట్టింది. నేను కొంచెం పెద్దయ్యాక, ఒక మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నప్పుడు ఉండబట్టలేక అడిగాను. నీకు అంత అన్యాయం జరిగింది కదా, మరి ఇన్నేళ్ళూ ఆ కథల్లో ఆ ఒంటరి మనిషినే చెడ్డదాన్ని చేసి ఎందుకు చెప్పావని. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. నవ్వింది. "ఆళ్ళ కత ఆళ్ళు సెప్పినట్టు సెప్తేనే ఇంటారు, గుంటా. నా కత నాను సెప్తే ఎవులింటారు?" అంది. ఒక్కసారి చెప్పాల్సి వచ్చింది, చెప్పానంది.

ఇప్పుడు నేను ఇదే ఊళ్ళో సోనారిలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నా వయసువాళ్ళు భక్తి ఛానళ్ళు చూసుకుంటుంటే నేను మనవరాలి పక్కన దుప్పట్లో దూరి ఫోనులో దయ్యాల సినిమాలు చూస్తాను. సిగ్గేమిటి, నాకు ఇష్టం. మంచి దయ్యం కథ నా ఒంట్లో ఉన్న చీకటిని నాకే చూపిస్తుంది. చేతకాని కథ మాత్రం ముందే ఒక మొహాన్ని ఎంచుకుంటుంది. నల్లగా ఉన్నదో, ముసలిదో, వంకర కాలుదో, ఎవరూ లేనిదో. దాన్ని చూడగానే మనం భయపడాలి, చివర్లో అది కాలిపోతే మనం ఊపిరి పీల్చుకోవాలి. తెరమీద జనం కాగడాలు ఎత్తగానే, మా నాన్న నోట్లోంచి ఆ జవాబు ఎంత తేలిగ్గా వచ్చిందో నాకు గుర్తొస్తుంది. అంత మంచివాడికే కథ ఆ మాట అందించగలిగితే ఇక నాదెంత, పక్కనున్న ఈ పిల్లదెంత అనిపించి దాని చెయ్యి పట్టుకుంటాను. భయపడుతున్నానేమో అనుకుని అది నవ్వుతుంది.

మొన్న కూడా అంతే. మంటల్లో డాయన్ అరుపు ఆగిపోయింది, ఊరంతా పండగ చేసుకుంది, పేర్లు పడ్డాయి. "ఖతమ్, నానీ. సో జావో", అయిపోయింది అమ్మమ్మా, పడుకో, అని మనవరాలు ఫోను పక్కన పెట్టేసి అటు తిరిగి పడుకుంది. నేను పడుకోలేకపోయాను. ఆ మంటల్లో పోయినావిడ తన కథ ఇంకా చెప్పనే లేదు కదా.